రెండు కాళ్ళకు రెండు కాగితాలు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి పెద్దా చిన్నా అందరికీ టేపక్కే. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప ఆ టేపు తీయదని ఇరుగుపొరుగు అంటారు. అప్పుడు కూడా చేతికందేంత దూరంలోనే పెట్టుకుంటుందని ఆమె భర్త అంటాడు. ఆయన పొద్దస్తమానం ఇస్త్రీ బల్ల దగ్గరే ఉంటాడు, మనుషులతో కన్నా ఇస్త్రీపెట్టెతోనే ఎక్కువ మాట్లాడతాడు. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో సామాను, మేడ మీద కాపురం. టేపక్క తల్లి కూడా వాళ్ళతోనే ఉంటుంది. గుండీలు సైజుల వారీగా ఏరి డబ్బాల్లో వేయడం ఆవిడ పని. ఆ పనిలో ఎవరైనా వేలు పెడితే ఒంటికాలి మీద లేస్తుంది.

టేపక్కకు కుట్టుపని ఎంత బాగా వచ్చో, ఆరా తీయడమూ అంత బాగా వచ్చు. జేబు చిరిగిన కోటు తెస్తే కుట్టి ఇచ్చేయొచ్చు కదా. అలా కాదు, ఎప్పుడూ కుడి జేబే ఎందుకు చిరుగుతోంది, అందులో ఏం వేస్తున్నారు, తాళాల గుత్తా, రాళ్ళా, అన్నీ తేలితే గాని సూది పట్టదు. ఒక బస్సు డ్రైవరు ఓసారి చిర్రెత్తి, "నేను నీకు బట్టలిచ్చానా, సాక్ష్యం ఇచ్చానా?" అని కసిరాడు. అయినా మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె కుట్టిన జేబు ఆ తర్వాత చిరగలేదు మరి.

మూడేళ్ళ కిందట, బడులు తెరిచే ముందు, యూనిఫారాల రద్దీలో టేపక్క పన్నెండు రోజులు దాదాపు కుర్చీ దిగకుండా కుట్టింది. పదమూడో రోజు ఎడమ పిక్క బిగుసుకుంది. మర్నాటికి కాలు మోకాలి దాకా వాచి, వేడెక్కి, చెప్పు పట్టకుండా పోయింది. తల్లి గుండీల డబ్బా పక్కన పెట్టి ఒకసారి చూసి, "ఏముంది, మిషను కాలు. మీ నాన్నకీ ఇంతేగా" అని మళ్ళీ డబ్బా అందుకుంది.

మిషను కాలు ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. టేపక్క తండ్రి నలభై ఏళ్ళు తొక్కుడు మిషను మీద కుట్టిన దర్జీ. ఆయన ఎడమ కాలు కుడికాలి కన్నా ఎప్పుడూ లావుగానే ఉండేది, చీలమండ దగ్గర చర్మం నల్లబడి ఉండేది. మేస్త్రీకి అరచేతుల్లో కాయలు కాస్తాయి, దర్జీకి కాలు వాస్తుంది, పనిచేసే ఒంటికి పని గుర్తు ఉండొద్దా అని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట మాత్రం ఇంట్లో చెక్కు చెదరకుండా మిగిలింది.

టేపక్కకు మాత్రం అది మింగుడు పడలేదు.

"అమ్మా, నాది తొక్కుడు మిషను కాదు కదా. పదిహేనేళ్ళుగా మోటారే. ఆ మోటారు కూడా కుడికాలితోనే నొక్కుతాను. ఎడమ కాలు ఏ పనీ లేకుండా కూర్చుని ఉంటుంది. పనిచేసే కాలు బాగుండి, ఊరికే కూర్చున్న కాలు వాయడమేంటి?"

"నీ ప్రశ్నలు తగలెయ్య! వేడినీళ్ళ కాపడం పెట్టుకుని పడుకో."

కాపడం పెట్టుకోకుండా ఆ ప్రశ్న పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది కాబట్టి బతికి బట్టకట్టింది. స్కానింగ్‌లో చూస్తే పిక్క నుంచి మోకాలి పైదాకా, లోపలి పెద్ద రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టి ఉంది. ఆ గడ్డలో చిన్న ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయినా మనిషి నిలవకపోవచ్చని అక్కడివాళ్ళు చెప్పారు.

అక్కడ రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడా టేపక్క బాపతే, అడిగిందే అడుగుతుంది. ఇద్దరికీ భలే కుదిరింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగితే టేపక్క తండ్రి మిషను కాలి కథ చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటున్న కలం ఆపి, "మీ నాన్నగారిని ఎవరైనా పరీక్ష చేశారా?" అంది. ఎవరు చేస్తారు? అది జబ్బు అనుకుంటే కదా.

ఆరు నెలలు మాత్రలు వాడాక గాని డాక్టరమ్మ అసలు పరీక్ష చేయలేదు. గడ్డ కొత్తగా ఉన్నప్పుడూ, ఈ మాత్ర ఒంట్లో ఉన్నప్పుడూ ఆ పరీక్ష చేస్తే లెక్క తప్పుగా వస్తుందట. "అర్థమైంది. తడి గుడ్డకి కొలత తీయకూడదన్నట్టు" అంది టేపక్క. డాక్టరమ్మ నవ్వి, ఆ మాట నేనూ వాడుకుంటానంది. మాత్ర ఆపించి, కొన్ని వారాలు ఆగి, ఒకసారి కాదు రెండుసార్లు నెత్తురు తీయించింది. రెండుసార్లూ ప్రొటీన్ ఎస్ అనేది ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.

అదేమిటో టేపక్క తనకు అర్థమైన పద్ధతిలో భర్తకు చెప్పింది. దెబ్బ తగిలిన చోట కుట్లు వేసే పనివాళ్ళు నెత్తుట్లో బోలెడుమంది ఉంటారు. ఇక చాలు, ఆపండి అని చెప్పే పెద్దమనిషి ఒకడుంటాడు. ఆ పెద్దమనిషి పక్కనుండి వంతపాడే మనిషే ఈ ప్రొటీన్ ఎస్. వాళ్ళింట్లో ఆ వంతపాడేవాడు పుట్టుకతోనే అరకొర. అందుకని పనివాళ్ళు చెప్పినా వినకుండా కుట్టుకుంటూ పోతారు, చివరికి రక్తనాళాన్నే కుట్టిపారేస్తారు. భర్త అంతా విని ఇస్త్రీపెట్టె వైపు చూస్తూ, "అయితే పిల్లకో?" అన్నాడు. ఆయన మాట్లాడేది తక్కువే గాని, మాట్లాడితే గురి తప్పదు.

పిల్ల అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఈత కొలనులో ఈత నేర్పుతుంది. మనిషి చేపపిల్లలా ఉంటుంది, ఏనాడూ జలుబు కూడా చేసి ఎరగదు. సగానికి సగం అవకాశం ఉంది, పరీక్ష చేయించుకోమని టేపక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కూతురు రేపు మాపు అంటూ ఏడాది దాటవేసింది. "అమ్మా, అది కూర్చునేవాళ్ళకి వచ్చే జబ్బు. నేను రోజుకి ఎన్ని గంటలు నీళ్ళలో కాళ్ళు ఆడిస్తానో నీకు తెలుసా?" అనేది. ఈలోగా కడుపుతో ఉన్నానని తీపికబురు చెప్పింది. ఇంట్లో అందరూ ఎగిరి గంతేశారు. టేపక్క కూడా గంతేసింది గాని, కాలు నేలకు ఆనగానే గుండెల్లో రాయి పడింది. కాన్పు ముందూ, కాన్పు అయిన ఆరు వారాల లోపూ గడ్డలు కట్టే ప్రమాదం మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని డాక్టరమ్మ అంతకుముందే చెప్పి ఉంది.

ఆరో నెలలో కూతురిని లాక్కెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టింది.

"ఇప్పుడు పరీక్ష చేసినా తేలదు. కడుపుతో ఉన్నప్పుడు ఈ ప్రొటీన్ ఎవరికైనా తగ్గుతుంది. తక్కువొస్తే, అది పుట్టుకతో తక్కువా, కడుపు వల్ల తక్కువా అంటే నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ.

"మరి ఎలా తేలుస్తారు?"

"మీ ఇంటి చరిత్ర చూసి. మీ ఒక్కరికే అయితే, అదీ పన్నెండు రోజులు కూర్చుని పనిచేశాక వచ్చింది కాబట్టి, అమ్మాయిని జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే సరిపోవచ్చు. అలా కాకుండా మీ ఇంట్లో ఏ ఆడమనిషికైనా కడుపుతో ఉన్నప్పుడో పురిట్లోనో ఇలా జరిగి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు గడ్డకట్టకుండా రోజూ ఇంజెక్షన్ మొదలుపెడతాను. కనుక్కుని రండి. మిషను కాలు అనే మాట మాత్రం నా దగ్గర చెప్పొద్దు, నాకు కొలతలు కావాలి."

కొలతలు కావాలంటే టేపక్కకు ఒక దారి తెలుసు. వెనక గది గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకు ఖాకీ కాగితాల కట్ట. వాడుకగా వచ్చేవాళ్ళ కొలతలకు కత్తిరించిన నమూనాలవి. పంట్లానికి మామూలుగా ఒక కాలి కాగితమే ఉంటుంది. దాన్నే తిరగేసి రెండో కాలికి వాడతారు. మనిషి రెండు కాళ్ళూ ఒకటే అన్నది ఆ వృత్తిలో ఎవరూ అనుమానించని సంగతి, అందుకే టేపు కూడా ఒక కాలికే పెడతారు. రెండు కాళ్ళకు తేడా కంటికి కనిపిస్తేనే రెండు కాగితాలు కత్తిరిస్తారు. తండ్రి కట్టలో రెండు కాగితాలుంటాయని ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి రెండయ్యాయో తేదీ చూసి డాక్టరమ్మకు చెబుదామని ఇంటివాళ్ళ కట్టలన్నీ దించి నేల మీద పరిచింది.

తండ్రి కట్ట పక్కన మేనత్త కట్ట దొరికింది.

ఆ మేనత్తను అందరూ పోస్టత్త అనేవాళ్ళు. తపాలా ఆఫీసులో ఉద్యోగం. యూనిఫారం పంట్లాం వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీధులన్నీ తిరిగి ఉత్తరాలు పంచేది. టేపక్కకు ఏడేళ్ళప్పుడు, తొలి కాన్పు అయిన కొద్ది రోజులకే పోయింది. గుండె ఆగి పోయిందని చెప్పుకున్నారు. పుట్టిన ఆడపిల్లను తండ్రి వైపువాళ్ళు తీసుకెళ్ళి పెంచారు. పోస్టత్త జన్మలో మిషను ముందు కూర్చోలేదు, సూదిలో దారం ఎక్కించడం కూడా ఆమెకు రాదు.

కట్టలో నాలుగు పాత నమూనాలకు ఒక్కొక్క కాలే ఉంది. అయిదోది నడుము బాగా వదులుగా కత్తిరించినది, దానికి రెండు కాళ్ళున్నాయి. ఎడమ కాలి కాగితం మీద తండ్రి చేతిరాత, పెన్సిల్‌తో: ఏడో నెల. ఎడమ పిక్క ఒకటిన్నర అంగుళం ఎక్కువ. వదులు పెట్టాను, ఇప్పుడు బాగా నడుస్తోంది.

టేపక్క ఆ కాగితం పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది. ఆయన చెయ్యి ఎంత కచ్చితమైన చెయ్యంటే, జబ్బును పావు అంగుళం తేడా లేకుండా కొలిచాడు. కొలిచి దానికి సరిపోయేలా పంట్లాం కుట్టి ఇచ్చాడు. చెల్లెలికి బట్ట ఎక్కడా పట్టకుండా హాయిగా ఉంది కాబట్టి కాలి సంగతి ఆమె కూడా మరిచిపోయింది. దర్జీల ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఈ పొరపాటు జరగదు. వేరే ఎవరికైనా పంట్లాం బిగుసుకుని కాలు నొప్పెట్టి, డాక్టరు దగ్గరికి పోయి ఉండేవాళ్ళు. తండ్రి మీద ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది, వెంటనే జాలి కూడా వేసింది.

మేడ మీదికి వెళ్ళి తల్లిని అడిగింది. "అమ్మా, అత్త ఎలా పోయింది?"

"గుండె ఆగి."

"ఆగే ముందు ఏమైంది?"

"నలభై రెండేళ్ళయింది. పోయినవాళ్ళ సంగతి ఇప్పుడు తవ్వడమెందుకు? నాకేం గుర్తులేదు." అలా అంటూనే పెద్ద గుండీలు చిన్న గుండీల డబ్బాలో వేసేసింది. ఆవిడ చేతిలో ఆ తప్పు జరగడం టేపక్క ఎప్పుడూ చూడలేదు.

"పిల్లకి ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో దాన్నిబట్టే ఉంటుందట" అని మాత్రం చెప్పి కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరవక ముందే ముసలావిడ మెట్లు దిగి వచ్చింది. మిషను ఎదురుగా, బట్టలిచ్చేవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చుంది. అల్లుడు ఇస్త్రీ బల్ల వదిలేసి చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయాడు.

"పదకొండో రోజు. మధ్యాహ్నం" అంది. "'వదినా, కాలు బండరాయిలా ఉంది, కాస్త నొక్కవా' అంది. దాని కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. నూనె రాసి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. హాయిగా ఉందంది. మంచినీళ్ళ కోసం లేచి నాలుగడుగులు వేసింది. 'ఊపిరాడట్లేదు వదినా' అని తలుపు పట్టుకుంది. డాక్టరు వచ్చేసరికి ఏమీ లేదు."

"నాన్నకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ చేతులతో నొక్కాక పోయింది."

ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే టేపక్క లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ఆవిడ చేతులు పట్టుకోబోతే ఆవిడ వెనక్కి తీసుకుంది.

ఆ వారం ముసలావిడ, టేపక్క, కూతురు ముగ్గురూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ఖాకీ కాగితాలు రెండూ బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి తానే కొలిచి, పెన్సిల్ రాత రెండుసార్లు చదివింది. "మీ నాన్నగారు మా ఆసుపత్రిలో ఉండాల్సింది" అంది. అప్పుడు ముసలావిడ తన కథంతా ఆవిడకు చెప్పి, "నేను నొక్కినందుకే పోయిందా? నాకు అబద్ధం చెప్పకండి" అంది. మనవరాలు ఆ కథ వినడం అదే మొదలు. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

డాక్టరమ్మ చెప్పింది. "కావచ్చు, కాకపోవచ్చు. గడ్డకట్టిన కాలు నొక్కకూడదన్నది నిజం. కానీ మీరు ముట్టుకోకపోయినా, ఆవిడ లేచి నడిచినప్పుడో దగ్గినప్పుడో అది ఊడి రావచ్చు. ఏడో నెలకే కాలు వాచిందని ఈ కాగితం చెబుతోంది. అప్పటినుంచి మూడు నెలలు ఎంతమంది చూసుంటారు? కాన్పు చేసిన డాక్టరూ చూసే ఉంటారు. ఎవరికీ తట్టలేదు. మీకెలా తడుతుంది?"

ఓదార్పు కోసం తియ్యటి అబద్ధం చెప్పనందుకు ముసలావిడకు ఆ డాక్టరమ్మ మీద గురి కుదిరింది. నిజానికి బరువు దిగిందని చెప్పలేం. కాకపోతే ఆ బరువు మోసే మనుషులు ఇప్పుడు నలుగురయ్యారు.

లెక్క మారింది. ఏడో నెల నుంచి కాన్పు దాకా, కాన్పు తర్వాత ఆరు వారాలు, రోజుకో ఇంజెక్షన్. దూరాన ఉన్న పోస్టత్త కూతురికి కూడా కబురు పంపి పరీక్ష చేయించుకోమనాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంజెక్షన్ వేసుకున్నంత మాత్రాన నూటికి నూరుపాళ్ళు భరోసా లేదని, కాలు నొప్పెట్టినా, వాచినా, ఊపిరి బరువైనా ఆ క్షణమే రావాలని ముగ్గురి చేతా తిరిగి చెప్పించుకుంది. కూతురు మొదటి ఇంజెక్షన్‌కు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పదో రోజుకు కబుర్లు చెబుతూ తానే వేసుకోవడం నేర్చుకుంది.

కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. తొమ్మిదో రోజు పొద్దున టేపక్క కింద దుకాణంలో ఉంది. మేడ మీద కూతురు పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టి, మంచం మీద అమ్మమ్మ వైపు కాళ్ళు చాపింది. చిన్నప్పుడు ఈత కొట్టి వచ్చిన ప్రతిసారీ అలాగే చాపేది.

"అమ్మమ్మా, పిక్క పట్టేసింది. కాస్త నొక్కవా."

ఆవిడ చేతులు అలవాటుగా లేచాయి. లేచిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని, ఆ వయసులో ఎక్కడినుంచి వచ్చిందో గాని కేక పెట్టింది. కింద అల్లుడు ఉలిక్కిపడి ఇస్త్రీపెట్టె ఎవరిదో చొక్కా మీదే వదిలేసి పరుగెత్తాడు. చొక్కాకు వీపున ఇంత కంత పడిందని ఆ తర్వాత గాని ఎవరూ చూసుకోలేదు. కూతురు "అబ్బా, కండ పట్టేసిందే, ఇంత గోలా" అంటున్నా వినకుండా కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని దింపి ట్యాక్సీ ఎక్కించారు. దారి పొడుగునా టేపక్క ఒక్కటే గమనిస్తూ కూర్చుంది, కూతురి ఊపిరి ఎలా ఉందని.

స్కానింగ్‌లో మోకాలి కింద చిన్న గడ్డ కనిపించింది. వేలి కణుపంత. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇంజెక్షన్ మోతాదు పెంచారు, మరికొన్ని నెలలు వాడాలన్నారు. పైకి పాకక ముందే పట్టుకున్నామని, ఇంట్లో ఎవరో గాని గట్టివాళ్ళని డాక్టరమ్మ మెచ్చుకుంది. టేపక్క గోడకు ఆనుకుని వలవల ఏడ్చేసింది. కూతురు బతికిందని ఏడుపు, ఆ మాట వినడానికి పోస్టత్త లేదని కూడా ఏడుపు.

ముసలావిడ ఏడవలేదు. పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ ముందున్న కుర్చీలో కూర్చుంది.

"దీనికి కూడా ఉందా?"

"ఇప్పుడు చెప్పలేనమ్మా. పసిపిల్లల్లో ఇది ఎలాగూ తక్కువే ఉంటుంది. కాస్త పెద్దదయ్యాక చేయాలి. కనీసం కడుపు పండే వయసు రాకముందే."

"అప్పటికి నేనుండను. మీరూ ఇక్కడ ఉంటారో ఉండరో. దీని పేరు మీద ఒక కాగితం తీయండి. రాయండి."

డాక్టరమ్మ కొత్త ఫైలు తెరిచి కలం పట్టుకుంది.

"దీని అమ్మమ్మకి, అమ్మకి కాళ్ళలో గడ్డలు కట్టాయని రాయండి. ముత్తాతకి కాలు వాచి ఉండేదని రాయండి. ముత్తాత చెల్లెలు పురిట్లో పదకొండో రోజు పోయిందని రాయండి. పోయే ముందు నేను కాలు నొక్కానని, అది కూడా రాయండి."

"అది అవసరం లేదమ్మా" అంది టేపక్క మెల్లగా.

"నువ్వాగు. నలభై రెండేళ్ళు నేను దాచాను. దాచకపోయుంటే నీ కాలు వాచిన రోజు నేను కాపడం పెట్టుకోమనేదాన్నా?" అని డాక్టరమ్మ వైపు తిరిగి, తేదీ, వారం, ఎన్ని గంటలకు జరిగిందో, ఏ కాలో, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. ఏదీ మరిచిపోలేదు.